విశ్వాసము, సంస్కారములు: పదునాఱవ శతాబ్ది వివాదమున ఒక మూలప్రశ్న

తెలుగు క్రైస్తవుల వాడుకలోని పదములను సంకలనము చేయబూనిన విద్యార్థికి మొదటనే ఒక చిక్కు ఎదురగును. ఒకే కర్మకు రెండేసి పేళ్ళు కనబడును. కథోలికులు జ్ఞానస్నానమనుదానిని లూథరనులును బాప్టిస్టులును బాప్తిస్మమందురు. వారికి దివ్యసత్ప్రసాదమైనది వీరికి ప్రభురాత్రి భోజనము. ఒకరు వరప్రసాదమన్న చోట మఱియొకరు కృప యందురు. పాపసంకీర్తనము, అవస్థాభ్యంగనము, ఉత్తరించు స్థలము అను మాటలు ఒక వర్గమువారికి నిత్యపరిచితములు. రెండవవారిలో పెక్కుమంది వానిని వినియే యుండరు. ఈ రెండు పదజాలములును రెండు త్రోవలను తెలుగునకు వచ్చినవి. మొదటిదానికి పదునెనిమిదవ శతాబ్దిలో మనదేశమున పనిచేసిన జెసూటు గురువుల కృషి పునాది. మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనము ఆ శతాబ్దిలోనిదే. రెండవదాని తొలి చిహ్నములలో ఒకటి, లూథరను మతబోధకుడైన బెంజమిన్ షుల్జ్ కూర్చగా 1746లో జర్మనీలోని హాలే పట్టణమున అచ్చుపడిన లఘు ప్రశ్నోత్తరి. తరువాత 1842లో గుంటూరు చేరిన హేయర్ మొదలగు లూథరనులును, ఇతర ప్రొటెస్టంటు సంఘములవారును ఆ పదజాలమును పెంపొందించిరి.

ఈ చీలిక యెందుకు కలిగెనని విద్యార్థి యడిగినచో మన చరిత్రపాఠములు చెప్పు సమాధానము మిక్కిలి సులభమైనది. రక్షణకు విశ్వాసము చాలునని లూథరు అనెను; సంస్కారములు కావలెనని రోము అనెను; అంతట సంఘము రెండుగా చీలెను. మేమును కొంతకాలము ఇట్లే బోధించితిమి. ఈ వాక్యము పూర్తిగా అసత్యము కాదు. కాని దీనిని నమ్మినవాడు ఆనాటి గ్రంథములను తెఱచి చూచినచో ప్రతి పుటయందును తికమకపడును. విశ్వాసమొక్కటియే చాలునన్న లూథరు, సంస్కారమునందు క్రీస్తు శరీరము నిజముగా లేదన్న తోటి సంస్కర్తతో చేయి కలుపుటకు నిరాకరించెను. సంస్కారములు ఆవశ్యకములన్న ట్రెంట్ మహాసభ, విశ్వాసము లేనిదే యెవ్వడును ఎన్నడును నీతిమంతుడు కాలేదని తన శాసనమున వ్రాసెను. కావున వివాదము విశ్వాసమునకును సంస్కారములకును నడుమ జరిగినది కాదనియు, ఒకానొక సంస్కారము లోపలనే పుట్టిన ప్రశ్న పెరిగి పెద్దదై తక్కినవాని కన్నిటికిని వ్యాపించినదనియు మా యభిప్రాయము. ఆ సంస్కారము పాపసంకీర్తనము. ఆ ప్రశ్న యిది: పాపము క్షమింపబడినదని పాపికి ఎట్లు తెలియును?

మొదట ఆ సంస్కారము స్వరూపమును తెలిసికొనవలెను. సంస్కారములు ఏడు అను గణనము క్రీస్తు శకము పండ్రెండవ శతాబ్దిలో పీటర్ లొంబార్డు గ్రంథము వలన స్థిరపడినది. 1439లో ఫ్లోరెన్సు మహాసభ ఆర్మీనియనుల నిమిత్తము వెలువరించిన శాసనమున ఆ యేడింటిని పేర్కొని, ఒక్కొక్కదానికి ద్రవ్యమెయ్యది, వాక్యమెయ్యది, దానిని నడపు అధికారి యెవ్వడు అని నిర్ణయించినది. జ్ఞానస్నానమునకు నీరు ద్రవ్యము. సత్ప్రసాదమునకు రొట్టెయు ద్రాక్షారసమును. కాని పాపసంకీర్తనమునకు ద్రవ్యమేది? చేతితో తాకదగినది ఏదియు లేదు. కావున పాపి చేయు మూడు పనులనే ద్రవ్యస్థానమున నుంచిరి: మనస్తాపము, నోటితో పాపములను చెప్పుకొనుట, ప్రాయశ్చిత్తము. గురువు పలుకు విమోచనవాక్యము దానికి రూపము. 1215లో నాల్గవ లాటరన్ మహాసభ, యుక్తవయస్సు వచ్చిన ప్రతి క్రైస్తవుడును సంవత్సరమున కొక్కసారియైనను తన గురువునొద్ద పాపములు చెప్పుకొనవలెనని శాసించియుండెను. ఆ శాసనము వలన ఈ సంస్కారము పండితుల చర్చగా మిగులక సామాన్య రైతుకు, కంసాలికి, వర్తకునికి సైతము ఏటేట ఎదురగు అనుభవమయ్యెను.

తక్కిన సంస్కారములలో ద్రవ్యము మనిషికి వెలుపల నున్నది. ఇందు మాత్రము ద్రవ్యము మనిషి లోపలనే యున్నది. చిక్కంతయు ఇక్కడనే. నీరు నీరగునో కాదో చూచి చెప్పవచ్చును. నా మనస్తాపము నిజమైన మనస్తాపమగునో కాదో చూచి చెప్పువాడెవడు? దైవప్రేమ వలన కలిగిన తాపము ఉత్తమము, నరకభయము వలన కలిగినది అధమము అని పండితులు విభజించిరి. ఈ అధమతాపము సంస్కారబలముతో చాలునా చాలదా యని శతాబ్దములపాటు వాదము జరిగినది. తనలో నున్నంత శక్తితో ప్రయత్నించిన వానికి దేవుడు కృపను నిరాకరింపడని గాబ్రియేల్ బీల్ వంటి వారు బోధించిరి. ఇది ధైర్యము చెప్పుటకు పుట్టిన వాక్యమే. కాని సున్నితమైన మనస్సు గలవానికి ఇదియే ముల్లైనది. తనలో నున్నంత తాను చేసితినని యెవడు నిశ్చయముగా చెప్పగలడు? లూథరు విద్యార్థిదశలో నేర్చినది బీల్ సంప్రదాయమునే. సన్న్యాసియై మఠమున నుండగా అతడు పదే పదే పాపములు చెప్పుకొని, వెలుపలికి వచ్చిన వెంటనే మఱచినదేదో జ్ఞాపకమునకు వచ్చి కలతపడినట్లు తరువాతి కాలమున తానే చెప్పుకొనెను.

1517 నాటి కలహమునకు నిమిత్తమైన పత్రములు కూడ ఈ సంస్కారమునకు సంబంధించినవే. మన పుస్తకములలో వీనిని పాపపరిహారపత్రములనుట వాడుక. ఈ పేరే పొరపాటునకు తావిచ్చుచున్నది. ఆ పత్రము పాపమును క్షమించునదని రోము సిద్ధాంతము కాదు. పాపదోషము గురువు విమోచనవాక్యముచే తొలగినను, దానికి తగిన శిక్ష కొంత మిగిలియుండుననియు, దానిని ఇహమున ప్రాయశ్చిత్తముచేతనో పరమున ఉత్తరించు స్థలమునందలి బాధచేతనో తీర్చుకొనవలెననియు, ఆ శిక్షనే సంఘము తన పుణ్యనిధి నుండి తగ్గింపగలదనియు సిద్ధాంతము. ఈ నిధిని గూర్చి 1343లో ఆఱవ క్లెమెంటు శాసనము చేసెను. 1476లో నాల్గవ సిక్స్‌టస్ ఆ ఫలమును మృతుల ఆత్మలకును వర్తింపజేసెను. సిద్ధాంతము ఇంత సూక్ష్మమైనను సంతలో అమ్మకమునకు వచ్చునప్పటికి ఆ సూక్ష్మత నిలువలేదు. రోములోని సెయింట్ పీటరు దేవాలయ నిర్మాణమునకని పదియవ లియో అనుమతించిన విక్రయమున సగము సొమ్ము, మైంజు ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్టు తన పదవికై ఫుగ్గర్ల కొఠీలో చేసిన అప్పు తీర్చుటకు పోయెను. టెట్జెలు అను డొమినికను సన్న్యాసి విట్టెన్‌బెర్గు పరిసరములకు వచ్చి బోధింపగా, లూథరునొద్ద పాపసంకీర్తనము చేసికొనువారే పొరుగునకు పోయి ఆ పత్రములను కొని తెచ్చుకొనిరి. అతడు చరిత్రలో తొలుత కనబడునది రాజకీయవీరుడుగా కాదు. తన సంకీర్తనపీఠము నొద్దకు పత్రములతో వచ్చినవారిని చూచి కలవరపడిన గురువుగా.

1517 అక్టోబరు 31వ తేదీన లూథరు తొంబదియైదు ప్రతిపాదనలను ఆల్బ్రెక్టునకు పంపెను. వానిని దేవాలయ ద్వారమునకు మేకులతో కొట్టెనను కథను 1961లో ఎర్విన్ ఇజెర్లో అను కథోలిక చరిత్రకారుడు శంకించెను. ఆ చర్చ ఇప్పటికిని ముగియలేదు. మాకు మేకుల కంటె మొదటి రెండు ప్రతిపాదనలు ముఖ్యములు. మత్తయి సువార్త నాల్గవ అధ్యాయమున క్రీస్తు పలికిన తొలి పిలుపు విశ్వాసుల జీవితమంతయు పశ్చాత్తాపమే కావలెనని కోరునది యని మొదటిది. ఆ మాట గురువు నడపు సంస్కారమును ఉద్దేశించినది కానేరదని రెండవది. ఇది కేవలము భాషాశాస్త్ర సంబంధమైన వాదము. లాటిను బైబిలులో ఈ చోట నున్న క్రియకు ప్రాయశ్చిత్తము చేయుడు అను అర్థము చెప్పుకొనుట పరిపాటి. గ్రీకు మూలమున నున్న మెటనోయియా అను పదమునకు మనస్సు మాఱుట యని యర్థము. 1516లో బాసెల్ పట్టణమున ఎరాస్మసు గ్రీకు క్రొత్తనిబంధనను సవ్యాఖ్యానముగా ముద్రింపించి ఈ భేదమును పండితలోకము ముందుంచియుండెను. 1518 మే నెలలో తన గురువు స్టౌపిట్సునకు వ్రాసిన లేఖలో లూథరు ఈ గ్రీకు పదము తనకెంత ఊరట గూర్చినదో వర్ణించెను. ప్రొటెస్టంటుల తెలుగు బైబిలులో ఈ పదమునకు మారుమనస్సు అని యున్నది. మూలమునందలి రెండవయవములకును సరిగా రెండవయవములు గల యిట్టి సమాసము తెలుగున కుదురుట విశేషము. లాటినువాని చెవికి చేయవలసిన పనిగా వినబడినది తెలుగువాని చెవికి కలుగవలసిన మార్పుగా వినబడును.

ఇంతవఱకు చూచినచో లూథరు సంస్కారమును విడిచి మనస్సును పట్టుకొనెనని తోచును. పెక్కుమంది ఇక్కడనే ఆగిపోయిరి. కాని మనస్సును పట్టుకొన్నచో పాత ముల్లే మరల గ్రుచ్చుకొనును. మాఱిన మనస్సు నిజముగా మాఱినదా యని యెవడు చెప్పును? 1518లో అతడు వేసిన రెండవ అడుగు మొదటిదాని కంటె గొప్పది. పాపి తన మనస్తాపపు లోతును కొలుచుకొనుట మాని, గురువు నోట వచ్చిన విమోచనవాక్యమును క్రీస్తు మాటగా నమ్మవలెనని అతడు వ్రాసెను. భూమిమీద విప్పబడినది పరలోకమందును విప్పబడునని సువార్తలో వాగ్దానమున్నది. నీ పాపము విప్పబడినదని విన్న తరువాతను సందేహించుట వినయము కాదు, వాగ్దానము చేసినవానిని అబద్ధికునిగా చేయుట. అనగా విశ్వాసమునకు ఆలంబనము సంస్కారవాక్యమే. విశ్వాసమును సంస్కారమునకు ప్రత్యర్థిగా నిలిపినవారు ఈ ఘట్టమును గమనింపలేదు. లూథరు సిద్ధాంతమునకు మలుపు ఎప్పుడు కలిగినదను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. 1545లో అతడు వ్రాసిన ఆత్మకథాప్రాయమైన పీఠికను బట్టి కొందఱు 1513 తరువాతి తొలి ఉపన్యాసములలోనే దానిని చూచిరి. ఎర్నెస్టు బిజరు 1958లో దానిని 1518 ప్రాంతమునకు దింపెను. ఓస్వాల్డు బాయరు 1971లో దానిని విమోచనవాక్యపు వాగ్దానస్వరూపముతోనే ముడిపెట్టెను. ఈ కడపటివారి పక్షమే మాకు సమంజసముగా తోచుచున్నది. ఏలయన ప్రతిపక్షములో మొదటి మహాపండితుడు సరిగా ఈ చోటనే వ్రేలు పెట్టెను.

ఆ పండితుడు కార్డినలు కయెటాన్. 1518 అక్టోబరులో ఔగ్స్‌బుర్గు నగరమున పోపు ప్రతినిధిగా అతడు లూథరును విచారించెను. థామస్ అక్వైనసునకు వ్యాఖ్యాత, మిక్కిలి నిశితబుద్ధి. లూథరు గ్రంథములను చదివి వ్యాసములు వ్రాసికొని మఱీ విచారణకు కూర్చుండినవాడు. అతడు ముఖ్యముగా ఎత్తిన దోషములు రెండు. పుణ్యనిధిని గూర్చినది మొదటిది. సంస్కారమును పొందువాడు తాను క్షమింపబడితినని నిశ్చయముగా నమ్మనిచో ఫలము లేదను మాట రెండవది. ఈ రెండవదాని కర్థము క్రొత్త సంఘమును కట్టుటయే యని అతడు అంతకు ముందే వ్రాసికొనియుండెను. సంస్కారమునకు శక్తి గలదని నమ్మవలసినదే. కాని ఆ శక్తి నాయందు ఫలించెనా యనునది విశ్వాసవిషయము కాదని అతని వాదము. నాలో అడ్డు ఏదైన నుండవచ్చును. దానిని నేను ఎఱుగకపోవచ్చును. అందుచేత ఆశతోడను భయముతోడను నుండుట తగినది. లూథరునకు ఇది పాపిని మరల తన హృదయపు చీకటిలోనికే త్రోసివేయుటగా కనబడెను. ఒకడు సందేహమును వినయమనెను. ఒకడు దానినే అవిశ్వాసమనెను. ఇరువురును గురువునొద్ద మోకరించిన పాపినే మనస్సునందుంచుకొని మాటలాడిరని మఱవరాదు.

ఇచ్చట రోము పక్షపు పారిభాషికపదమొకటి విచారింపదగినది. కర్మ చేయబడుట చేతనే ఫలము కలుగునను సూత్రమును సంస్కర్తలు మంత్రతంత్రమువలె వెక్కిరించిరి. కాని దాని మూలము వేఱు. పాపియైన గురువు చేయించిన జ్ఞానస్నానము చెల్లునా చెల్లదా యని ఉత్తర ఆఫ్రికాలో డోనాటసు పక్షమువారు నాల్గవ శతాబ్దిలో లేవదీసిన ప్రశ్నకు, స్నానము చేయించువాడు వాస్తవముగా క్రీస్తే యని అగస్టీను సమాధానము చెప్పెను. ఆ సమాధానమే క్రమముగా ఈ సూత్రముగా గట్టిపడెను. గురువు యోగ్యతపై ఆధారపడనక్కఱలేదని పామరునికి అభయమిచ్చుట దీని యుద్దేశము. పాపి యోగ్యతపై ఆధారపడనక్కఱలేదని అభయమిచ్చుట లూథరు సూత్రపు ఉద్దేశము. రెండును మనుష్యుని పాత్రతను ప్రక్కకు నెట్టి దేవుని చేతను ముందుంచ జూచినవే. ఒకే భయమునకు పుట్టిన రెండు మందులు తుదకు ఒకదాని కొకటి విషమని పేరుపడుట ఈ చరిత్రయందలి విషాదము.

1520 అక్టోబరులో వెలువడిన బబులోను చెఱను గూర్చిన గ్రంథమున లూథరు సంస్కారములను ఏడింటి నుండి తగ్గించెను. అక్కడ ఒక విచిత్రము గలదు. గ్రంథారంభమున జ్ఞానస్నానము, పాపసంకీర్తనము, ప్రభుభోజనము అని మూడింటిని నిలుపుకొనెను; గ్రంథాంతమున, పాపసంకీర్తనమునకు కంటికి కనబడు చిహ్నము లేదు గనుక సరిగా చెప్పవలెనన్న రెండే యనెను. ఒకే పుస్తకమున రచయిత మనస్సు మాఱుట మనకు ప్రత్యక్షముగా కనబడును. ఐనను ఆ మూడవదానిని అతడు విడువలేదు. 1522 మార్చిలో విట్టెన్‌బెర్గునకు తిరిగి వచ్చి చేసిన ప్రసంగములలో, బలవంతపు పాపసంకీర్తనమును ఖండించుచునే, ఏకాంతముగా చేసికొనుదానిని తన నుండి ఎవ్వరును తీసివేయలేరనెను. 1530 జూన్ 25వ తేదీన చక్రవర్తి సమక్షమున చదువబడిన ఔగ్స్‌బుర్గు విశ్వాసప్రకటనము ఏకాంత విమోచనమును నిలుపుకొనవలెనని పదునొకండవ ప్రకరణమున చెప్పుచున్నది. మఱుసటి యేడు మెలాంక్తను వ్రాసిన సమర్థనగ్రంథము విమోచనమును మరల సంస్కారముల లెక్కలో చేర్చెను. ఎనిమిదవ హెన్రీ రాజు ఏడు సంస్కారములను సమర్థించుచు 1521లో గ్రంథము వ్రాసి పోపుచే విశ్వాసరక్షకుడను బిరుదు పొంది, పిమ్మట ఆ పోపు అధికారమునే త్రోసివేసిన కథ వినోదకరమైనది గాని మన విషయమునకు దాని వలన ప్రయోజనము స్వల్పము.

1529 అక్టోబరులో మార్‌బుర్గు కోటలో జరిగిన సమావేశము ఈ విషయమున మంచి సాక్ష్యము. జ్యూరిచ్ సంస్కర్త జ్వింగ్లీ, ప్రభుభోజనమున రొట్టె క్రీస్తు శరీరమునకు సంకేతమనెను. లూథరు క్రీస్తు పలికిన మాటలను బల్లమీద సుద్దతో వ్రాసి, ఆ మాట నుండి కదలననెను. ఇరువురికిని పోపు శత్రువు. ఇరువురును విశ్వాసమువలననే రక్షణ యనువారు. పదునాలుగు విషయములందు ఏకీభవించి పదునైదవదానిలో ఒక అంశముకడ విడిపోయిరి. విశ్వాసమే చాలుననుట సంస్కారమును తేలిక చేయుటయే యైనచో లూథరు ఇంత పట్టుపట్టుటకు అర్థము కనబడదు. అతనికి రొట్టెమీది వాక్యము కూడ విమోచనవాక్యము వంటిదే, వెలుపలినుండి వచ్చి చేతికందు వాగ్దానము. అది సంకేతమాత్రమైనచో విశ్వాసము పట్టుకొనుటకు మిగులునది తన భావనయే.

ఇక విశ్వాసమను పదము. ఉభయపక్షములవారును ఈ పదమును వాడిరి గాని ఒకే అర్థమున వాడలేదు. దీనిని విశదపఱచుటకు తెలుగు మనకు ఒక మంచి సాధనము నిచ్చుచున్నది. ఒక విషయమును నమ్ముట వేఱు, ఒకనిని నమ్ముకొనుట వేఱు. దేవుడున్నాడని నమ్మినవాడెల్ల దేవుని నమ్ముకొన్నవాడు కాడు. మధ్యయుగ పండితుల పరిభాషలో విశ్వాసము సత్యమును బుద్ధి అంగీకరించుట. దానికి ప్రేమ ప్రాణము పోసిననే అది సజీవమగును. కావున విశ్వాసమొక్కటియే చాలునన్న మాట వారి చెవికి, నమ్మినచాలు, ప్రేమింపనక్కఱలేదు అన్నట్లు వినబడినది. లూథరు పలికినది నమ్ముకొనుటను గూర్చి. ట్రెంట్ మహాసభ పండ్రెండవ నిషేధవాక్యమున ఖండించినది సరిగా ఈ అర్థమునే, నీతిప్రదమగు విశ్వాసము దైవకరుణపై భరోసా తప్ప వేఱు కాదను మాటను. కావున కేవలము అపార్థమువలన కలిగిన పోరాటమనుటయు సరికాదు. వారు తెలిసియే విభేదించిరి. కాని సామాన్యజనులు అనుకొన్న చోట కాదు.

1522లో వెలువడిన జర్మను క్రొత్తనిబంధనలో, రోమీయులకు వ్రాసిన లేఖ మూడవ అధ్యాయము ఇరువదియెనిమిదవ వాక్యమున, గ్రీకున లేని మాత్రమే యను పదమును లూథరు చేర్చెనని పెద్ద దుమారము లేచెను. 1530లో కోబుర్గు కోటనుండి అనువాదమును గూర్చి వ్రాసిన బహిరంగలేఖలో, ఒకటి కాదు మఱియొకటి యని చెప్పునపుడు జర్మనుభాషా స్వభావమే ఆ పదమును కోరుననియు, అంగడిలోని మనిషి నోటిని చూచి అనువదింపవలెననియు అతడు సమాధానమిచ్చెను. అనువాదకళను గూర్చి యోచించువారెల్లరును చదువదగిన లేఖ యది. ప్రచారములో నున్న ప్రొటెస్టంటు తెలుగు బైబిలులో ఈ చోట విశ్వాసమువలననే యని అవధారణార్థకమైన ఏకారమున్నది. లూథరునకు ఒక పదము కావలసివచ్చిన పనిని తెలుగున ఒక్క అక్షరము చేసినది. దానిపై మనదేశమున ఎవ్వరును దుమారము లేపినట్లు మాకు కనబడలేదు.

విశ్వాససంస్కారములలో అసలు చిక్కు ఏదియో తెలుపు సంఘటన 1541లో రీగన్స్‌బుర్గు నగరమున జరిగినది. చక్రవర్తి ఐదవ చార్లెసు ప్రోత్సాహమున ఉభయపక్షముల పండితులును ఒకచోట కూర్చుండిరి. కథోలికపక్షమున ఎక్, గ్రోపరు, ఫ్లుగు. సంస్కర్తలపక్షమున మెలాంక్తను, బుట్సరు, పిస్టోరియసు. పోపు ప్రతినిధిగా కార్డినలు కొంటారీని. కాల్విను కూడ అక్కడ నుండెను. అందఱును ఆశ్చర్యపడునట్లు, మే 2వ తేదీన విశ్వాసమువలన నీతిమంతులగుటను గూర్చిన ఐదవ ప్రకరణముపై ఏకాభిప్రాయము కుదిరినది. పాఠ్యపుస్తకముల లెక్కప్రకారము ఇక వివాదము ముగియవలెను. ముగియలేదు. సత్ప్రసాదమున రొట్టె పదార్థాంతరమగునా యను చోటను, పాపములనన్నిటిని గురువునకు లెక్కించి చెప్పితీఱవలెనా యను చోటను సభ చెడినది. కుదిరిన ప్రకరణమును కూడ అటు రోమును ఇటు లూథరును అతుకులబొంత యని నిరసించిరి. కొంటారీని మఱుసటి యేడు మరణించెను. సిద్ధాంతవాక్యమును ఉభయులును ఒప్పుకొన్నను, ఆ వాక్యము నిత్యజీవితమున ఎక్కడ వర్తించునో అక్కడకు పోయినప్పుడు, అనగా గురువు ముందును బలిపీఠము ముందును, ఒప్పుదల నిలువలేదు.

ట్రెంట్ మహాసభ 1545 డిసెంబరు 13వ తేదీన ఆరంభమైనది. రెండు నెలలు తిరిగిన తరువాత, 1546 ఫిబ్రవరి 18న లూథరు మరణించెను. నీతిమంతులగుటను గూర్చిన ఆఱవ సమావేశశాసనము 1547 జనవరి 13న వెలువడినది. పదునాఱు అధ్యాయములు, ముప్పదిమూడు నిషేధవాక్యములు. దీనికి ఏడు నెలల చర్చ పట్టినది. ఆ చర్చ ఏకముఖమైనదని యెవరును భ్రమపడరాదు. అగస్టీను సభకు అధిపతియైన సెరిపాండో, మనలో కలుగు నీతి అసంపూర్ణము గనుక క్రీస్తు నీతిపైననే తుదకు ఆధారపడవలెనని వాదించెను. జెసూటు లాయ్‌నెజ్ దానిని దీర్ఘోపన్యాసముతో ఎదిర్చెను. సభ లాయ్‌నెజ్ వైపు మొగ్గెను. నిశ్చయమును గూర్చిన ప్రశ్నయందు డొమినికనులలోనే భేదము పుట్టి, కథరీనుసు అది సాధ్యమనగా సోటో కాదనెను. తొమ్మిదవ అధ్యాయము తుదకు ఇట్లు నిర్ణయించినది: దైవకరుణను, క్రీస్తు పుణ్యమును, సంస్కారముల శక్తిని శంకింపరాదు, కాని తన బలహీనతను చూచుకొన్నవాడు తాను కృప పొందితినా యని భయపడవచ్చును, మోసమునకు తావులేని విశ్వాసనిశ్చయముతో దానిని ఎవ్వడును ఎఱుగజాలడు. ఇది దాదాపుగా కయెటాన్ 1518లో చెప్పిన మాటయే.

ఏడవ అధ్యాయమున నీతిమంతుడగుటకు కారణములను లెక్కించుచు, జ్ఞానస్నానమును ఉపకరణకారణమని చెప్పి, దానినే విశ్వాససంస్కారమని పేర్కొనిరి. ఎనిమిదవ అధ్యాయము విశ్వాసమును మానవరక్షణకు ఆరంభము, పునాది, వేరు అనినది. వేరు అనుటలోనే అభిప్రాయభేదము దాగియున్నది. వేరు లేక చెట్టు లేదు. వేరే చెట్టు కాదు. మార్చి 3వ తేదీన వెలువడిన ఏడవ సమావేశశాసనము సంస్కారములు ఏడే యనియు, కర్మ చేయబడుట చేతనే అడ్డు పెట్టనివానికి కృప నిచ్చుననియు స్థిరపఱచినది. పాపసంకీర్తనము వంతు 1551 నవంబరు 25న వచ్చెను.

ఆ పాపసంకీర్తనశాసనమున ఒక ఉపమానముండెను. జ్ఞానస్నానమున పొందిన నీతి పాపముచే పోయిన తరువాత, ఓడ పగిలినవానికి దొరకిన రెండవ పలక వంటిది ఈ సంస్కారమని పూర్వము జెరోము చెప్పెను. లూథరునకు ఈ ఉపమానము ఎంతమాత్రమును గిట్టలేదు. ఓడ పగులదు, అది దేవుని వాగ్దానము, పగులునది కాదు. మనము జాఱి నీటిలో పడుదుము. పడినవాడు ఈదుకొని వచ్చి ఆ ఓడనే మరల ఎక్కవలెనని బృహత్ ప్రశ్నోత్తరిలో వ్రాసెను. ట్రెంట్ సభ ఆ ఉపమానమును తప్పుపట్టినవారిని పేరెత్తక నిషేధించినది. మేము ఈ వివాదమును విద్యార్థులకు చెప్పునపుడు ఇతర విషయములెన్ని విడిచినను ఈ ఓడను విడువము. ఓడ పగిలినదనువానికి జ్ఞానస్నానము గతించిన సంఘటన; దాని తరువాత వేఱొక సంస్కారము, వేఱొక గురువు, వేఱొక ప్రయత్నము కావలెను. పగులలేదనువానికి పశ్చాత్తాపమనగా ఎన్నడో జరిగిన స్నానమునకు తిరిగి పోవుటయే. ఒకనికి రక్షణ ఒక యాత్ర, మెట్టుమెట్టునను సంస్కారములు చేయూత. మఱియొకనికి అది మాటిమాటికిని వినవలసిన ఒకేమాట.

ఈ భేదము తుదకు ఒక క్రియాపదముకడ చేరును. పౌలు గ్రీకున వాడిన పదము న్యాయస్థానపు వాసన గలది. నిర్దోషియని తీర్పు చెప్పుట దాని భావమని సంస్కర్తలు గ్రహించిరి. దానికి లాటిను అనువాదమైన పదమునకు అవయవార్థము నీతిమంతునిగా చేయుట. అగస్టీను నాటినుండి పడమటి సంఘము అట్లే గ్రహించినది. తీర్పుచే మాఱినది దేవుని ముందు మన స్థితి మాత్రమేనా, లేక మన స్వభావమునుకూడనా? తెలుగు బైబిలులో రోమీయుల లేఖయందు ఈ పదమునకు నీతిమంతులుగా తీర్చుట యనినారు. తీర్చుట యనగా తీర్పు చెప్పుట, వివాదము తీర్చుట. ముగ్గు తీర్చినప్పుడును తీర్చిదిద్దినప్పుడును అదే రూపొందించుట. అప్పు తీర్చినప్పుడు చెల్లించుట. విట్టెన్‌బెర్గు కోరిన అర్థము, ట్రెంట్ కోరిన అర్థము, ప్రాయశ్చిత్తవాదులు కోరిన అర్థము, మూడును ఈ యొక్క ధాతువున నిమిడియున్నవి. అనువాదకులు ఇది యెంచియే చేసిరని మేము అనజాలము. అబ్రాహామును గూర్చిన నాల్గవ అధ్యాయమున మాత్రము నీతిగా ఎంచబడెనను పదమును వాడి, లెక్కకు వ్రాయుటయను భావమును స్పష్టపఱచిరి. కాని తెలుగు విశ్వాసి నీతిమంతుడుగా తీర్చబడితినని చెప్పునపుడు నాలుగువందల యేండ్ల వాదమునకు లొంగని ఒక విశాలత ఆ నోట పలుకుచున్నది.

1999 అక్టోబరు 31వ తేదీన ఔగ్స్‌బుర్గు నగరముననే లూథరను ప్రపంచ సమాఖ్యయు రోమను కథోలిక సంఘమును నీతిమంతులగుటను గూర్చిన సంయుక్తప్రకటనముపై సంతకములు చేసినవి. అందు వ్రాయబడిన సిద్ధాంతమునకు పదునాఱవ శతాబ్దియందలి పరస్పరనిషేధములు వర్తింపవని ఉభయులును ఒప్పుకొనిరి. 2006లో మెథడిస్టులును, 2017లో సంస్కృతసంఘముల సమాఖ్యయు దానితో ఏకీభవించినవి. గుంటూరు కేంద్రముగా గల ఆంధ్ర సువిశేష లూథరను సంఘము ఆ లూథరను సమాఖ్యలో సభ్యత్వము గలది గనుక ఆ సంతకము తెలుగువారికిని సంబంధించినదే. ఇంకను తేలవలసిన విషయములను ఆ ప్రకటనము నలుబదిమూడవ భాగమున పేర్కొన్నది. సంఘాధికారము, గురుత్వము, వానితోపాటు సంస్కారములు ఆ పట్టికలో నున్నవి. రీగన్స్‌బుర్గున కుదిరినదే మరల కుదిరినది. అక్కడ చెడిన చోటనే ఇప్పటికిని రెండు బల్లలు వేఱువేఱుగా నున్నవి.